టాపులేని కారుకు ధర కట్టిన రోజు

2003 ఆషాఢమాసంలో ఒక గురువారం. ఉదయం నాలుగూ నలభైకి మా ఆవిడ సుభద్ర ఫ్రిజ్ తలుపు మీదున్న మామిడిపండు బొమ్మను ఊడదీసి నా చేతిలో పెట్టింది. దాని కింద ఉన్న గ్యాస్ రసీదు నేలమీద పడింది. ఆ బొమ్మ వెనక అయస్కాంతం ఉంటుంది. పాత కారు కొనబోయేవాడు జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్ళాలని నేను చదివిన పుస్తకంలో ఉంది. మా ఇంట్లో అయస్కాంతం అదొక్కటే.

"మామిడిపండు పట్టుకుని కారు చూస్తే వాళ్ళేమనుకుంటారు?" అన్నాను.

"పుస్తకం పట్టుకుని చూస్తే అనుకునేదానికన్నా తక్కువే అనుకుంటారు," అంది.

నేను తునిలో ఒక కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. నాకు కారు లేదు. డ్రైవింగు రాదు. స్కూటరు రెండుసార్లు నేర్చుకున్నాను. రెండోసారి తర్వాత ఇక చాలని ఎముకల డాక్టరు చెప్పాడు. అటువంటివాణ్ణి ఒక పాత కారుకు ధర కట్టడానికి అంబాజీపేట బయలుదేరాను. కారణం మా బావమరిది సత్తిబాబు.

సత్తిబాబు సుభద్రకు తమ్ముడు. కాకినాడలో మోటారు విడిభాగాల షాపు నడిపేవాడు. కిందటి దసరాకు ఫోను చేసి, "బావగారూ, మీ పెళ్ళి కారు దొరికిందండి. అంబాజీపేటలో పేర్రాజు గారని ఒకాయన షెడ్డులో ఉంది. కొందామనుకుంటున్నాను. అది అదో కాదో, ఎంత చేస్తుందో మీరొచ్చి తేల్చాలి. మీరు చదువుకున్నోరు కదా," అన్నాడు. కార్తీకం వెళ్ళనీ అన్నాను. మళ్ళీ చేశాడు. చలి తగ్గనీ అన్నాను. మూడోసారి చేసినప్పుడు నా దగ్గర ఏ కారణమూ లేదు. చూద్దాంలే అన్నాను. అప్పుడు నేను ఏదో పుస్తకం మధ్యలో ఉన్నాను. ఏ పుస్తకమో ఇప్పుడు గుర్తులేదు. ఫిబ్రవరిలో ఒకరోజు సత్తిబాబు షాపులో బేరింగుల పెట్టె కిందికి దించి, దాని పక్కనే కూర్చుని, మళ్ళీ లేవలేదు. యాభై ఆరేళ్ళు.

మా పెళ్ళి 1967లో కొత్తపేటలో జరిగింది. అప్పట్లో కోనసీమలో ఊరేగింపుకు టాపు కోసిన కారు కట్టేవారు. డ్రైవరు భోజనానికి వెళ్ళిన సమయం చూసి, ఇరవై ఏళ్ళ సత్తిబాబు స్టీరింగు ముందు కూర్చుని, మా ఇద్దరినీ వెనక పెట్టుకుని, తిన్నగా తీసుకెళ్ళి పెళ్ళిపందిరి రాటకు గుద్దేశాడు. కారు కుడివైపు ముందు మడ్‌గార్డు సొట్టపోయింది. అపశకునమని పెద్దలు వాణ్ణి తిట్టారు. ఆ ఒక్క సొట్ట మీదే ఇప్పుడు నా పరిశోధన అంతా ఆధారపడి ఉంది.

"అది మన కారే అయితే కొనేద్దాం," అంది సుభద్ర. "వాడు మిమ్మల్ని అడిగింది అదొక్కటే."

"కొని ఎక్కడ పెడతాం? మన సందులోకి ఆటోయే రాదు."

"ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను. మన కారో కాదో మీరు చూసి రండి."

ఆమెకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు. నేను మూడుసార్లు వాయిదా వేశానన్నది ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

రెండురోజుల ముందే ఎస్టీడీ బూత్ నుంచి పేర్రాజు గారికి ఫోను చేశాను. సత్తిబాబు గారి బావగారినని చెప్పగానే అవతలి గొంతు ఒక్కసారి పెరిగింది. "ఆయ్! బావగారాండి! రండి రండి. మీ కోసమే చూస్తన్నామండి మేమంతా!" అన్నాడాయన. వెనక ఎవరో నవ్వడం వినిపించింది. సత్తిబాబు పోయాడని వీళ్ళకు తెలియదని అర్థమైంది. ఫోనులో చెప్పలేకపోయాను. ఎదురుగా చెబుదాంలే అనుకున్నాను. ఎదురుగా చెప్పడం ఇంకా కష్టమని అప్పుడు తోచలేదు.

ఐదూ ఇరవైకి తునిలో పాసింజరు ఎక్కాను. జీడిపప్పు సంచులతో ఎదుటి సీట్లో ఒకాయన ఉన్నాడు. అన్నవరం దాటాక నా చేతిలోని పుస్తకం మీద కారు బొమ్మ చూసి అడిగాడు.

"కారు కొంటన్నారాండి?"

"చూడ్డానికి వెళ్తున్నానండి."

"డ్రైవింగొచ్చాండి?"

"రాదండి."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశాడు. "కారుకి టాపుందాండి?" అన్నాడు ఉండబట్టలేక.

"లేదండి."

ఆ తర్వాత సామర్లకోట దాకా ఆయన నాతో మాట్లాడలేదు. దిగేముందు మాత్రం ఒక గుప్పెడు జీడిపప్పు నా చేతిలో పోసి, "జాగ్రత్తండి," అని దిగిపోయాడు.

రాజమండ్రి చేరేసరికి ఏడూ యాభై. అమలాపురం బస్సు ఎనిమిదిన్నరకు ఉంది. అంబాజీపేటకు టికెట్టు తీసుకుని కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. వెళ్ళేవారికి ఒక మాట. ఉదయంపూట ఎడమవైపు కూర్చోవడం మంచిది. కుడివైపు కూర్చుంటే వంతెన మీద నీళ్ళు బాగా కనిపిస్తాయిగాని, రావులపాలెంలో అరటి గెలల లారీలు ఆగినప్పుడు ఆకులు కిటికీలోంచి మొహానికి తగులుతాయి. నాకు తగిలాయి.

రావులపాలెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. రెండు ఇడ్లీలు తిన్నాను. అక్కడ ఒక పెద్దావిడ చీరల మూటతో ఎక్కి నా పక్కన కూర్చుంది. బండారులంకలో నేతవారట. మూట నా కాళ్ళ మీద సగం, ఆమె కాళ్ళ మీద సగం పెట్టుకున్నాం. ఎక్కడికని అడిగితే పేర్రాజు గారి షెడ్డుకని చెప్పాను.

"అయ్ బాబోయ్, ఆ టాపులేని కారాండి! మా రెండో అమ్మాయి పెళ్ళికి అదే కట్టేం. బాగుంటాదండి, అందంగా. కాపోతే నెమ్మది. విడిదింటి కాణ్ణుంచి మా ఇంటికొచ్చేసరికి పెళ్ళికొడుకు నిద్దరోయేడు."

"ఎంత దూరమండి?"

"నాలుగిళ్ళవతలండి."

పుస్తకంలో వేగం గురించి ఒక అధ్యాయం ఉంది. ఆ పేజీ మూల మడిచాను.

కొత్తపేట మీదుగా బస్సు వెళుతున్నప్పుడు మా అత్తవారి వీధి చివర కనిపిస్తుందేమోనని చూశాను. లారీ అడ్డం వచ్చింది. పదకొండుకు ఐదు నిమిషాల ముందు అంబాజీపేటలో దిగాను. బస్సు దిగగానే ఎండుకొబ్బరి వాసన వస్తుంది. దారి అడగనక్కర్లేదు. కొబ్బరి కొట్ల వెనక సందులోకి తిరిగితే వెల్డింగు వెలుగు కనిపిస్తుంది. అదే షెడ్డు.

నేను గేటు దాటకముందే లోపల నలుగురు లేచి నిలబడ్డారు. "బావగారొచ్చేరు!" అని ఒకడు లోపలికి కేకవేశాడు. నా పేరు అక్కడ ఎవరికీ తెలియదు. నా పేరే బావగారు. పేర్రాజు గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. పొట్టిగా, మాసిన బనీను మీద శుభ్రమైన కండువా వేసుకుని ఉన్నాడు. కండువా నాకోసమే వేసుకున్నాడని చూస్తే తెలుస్తోంది. కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి చేతికిచ్చాడు.

"సత్తిబాబు గారు రాలేదాండి మీతో?" అన్నాడు.

ఇదే సమయం అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. "లేదండి. రాలేదు," అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. నిజం కారు చూడడం అయ్యాక చెబుదామనుకున్నాను. ఇంకో వాయిదా.

ఆయన పక్కవాడి వైపు చూసి కన్ను గీటినట్టు అనిపించింది. నా చేతిలోని మామిడిపండును చూసి అయి ఉంటుందనుకున్నాను.

కారు షెడ్డు మధ్యలో ఉంది. మీగడరంగు. యుద్ధం తర్వాత ఇంగ్లండు నుంచి దిగిన రకం. టాపు కోసి, కోసిన అంచులకు ఇత్తడి గొట్టం తొడిగారు. వెనక సీటును జానెడు ఎత్తు పెంచి ఎర్ర ముఖమల్ కప్పారు, వధూవరులు నలుగురికీ కనబడాలని. చుట్టూ పూలదండలు కట్టుకోవడానికి మేకులు. సీరియల్ బల్బులకు వేరే బ్యాటరీ. దగ్గరగా వెళితే పాత మల్లెపూల వాసన, డీజిలు వాసన.

పుస్తకం తెరిచాను. టాపు తీసేసిన కారు విషయంలో మొదట చూడాల్సింది తలుపులని అందులో ఉంది. పైకప్పు పోయాక కారు నడుము వంగుతుంది. జాకీతో ఒక పక్క ఎత్తినప్పుడు తలుపు తెరుచుకోకపోతే కొనవద్దు.

"జాకీ ఉందాండి?" అన్నాను.

"మోటారు షెడ్డండి," అన్నాడు పేర్రాజు గారు వినయంగా.

జాకీ పెట్టించాను. కారు లేచింది. తలుపు లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. "నడుం వంగిందండి దీనికి," అన్నాను తీర్పు చెబుతున్నట్టు.

"వంగలేదండి. ఆ తలుపులు వెల్డింగు చేసేసేం. పాతికేళ్ళయ్యింది. ఇంకెందుకండీ తలుపు? పెళ్ళికూతురు స్టూలేసుకుని పైనించే ఎక్కుద్ది. చీర కుచ్చిళ్ళు తలుపులో పడే భయం లేదు. నడుం వంగే భయమూ లేదు. జాకీ దించమంటారా, ఇంకాసేపు చూస్తారా?"

దించమన్నాను. వెనక ఎవరో దగ్గారు. నలుగురూ పనిచేస్తున్నట్టు వంగి ఉన్నారుగాని ఎవరి చేతిలోనూ పనిముట్టు లేదు.

ఇక అయస్కాంతం. ఇనుప రేకు మీద అయస్కాంతం అతుక్కుంటుంది. సొట్ట తీయకుండా పుట్టీ పూసి రంగు వేస్తే అతుక్కోదు. కుడివైపు ముందు మడ్‌గార్డు దగ్గర కూర్చున్నాను. మామిడిపండును ఆనించాను. కింద పడింది. మళ్ళీ ఆనించాను. మళ్ళీ పడింది. ముప్ఫై ఆరేళ్ళ కింద సత్తిబాబు పెట్టిన సొట్ట ఈ పుట్టీ కిందే ఉంది. లేచి నిలబడి, కళ్ళజోడు సరిచేసుకుని, "పేర్రాజు గారూ, ఇది ఆ కారేనండి. సందేహం లేదు," అన్నాను.

"ఎలా కనిపెట్టేరండీ!" అన్నాడాయన చేతులు జోడించి.

వివరించాను. పుస్తకంలోని పేజీ చూపించాను. పందిరి రాట కథ కూడా చెప్పాను. నలుగురూ వచ్చి చుట్టూ నిలబడి విన్నారు. ఒకడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. పెయింటు వాసనకు అనుకున్నాను.

సరిచూసుకుందామని ఎడమ మడ్‌గార్డుకు ఆనించాను. పడింది. తలుపుకు ఆనించాను. పడింది. డిక్కీకి, ముందు బానెట్టుకు, వెనక వైపుకు. పడింది, పడింది, పడింది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తయింది. కారంతా పుట్టీయే. చివరికి అది సైలెన్సరు గొట్టానికి అతుక్కుంది. అక్కణ్ణుంచి మాత్రం ఒకపట్టాన ఊడి రాలేదు.

"బావగారూ, మామిడిపండు ఉంచేస్తారాండి? బాగుంది అక్కడ," అన్నాడు గుడ్డవాడు.

పుస్తకం మూసేశాను. అయినా ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోవడం చదువుకున్నవాళ్ళకు అలవాటు లేదు. ఇది ఆ కారేనని ఇంకోసారి అన్నాను, కొంచెం తక్కువ గొంతుతో.

పన్నెండూ ఇరవైకి ట్రయలు చూద్దాం రమ్మన్నాడు పేర్రాజు గారు. నేను ముందు సీట్లో కూర్చోబోతే వెనక కూర్చోమన్నాడు. "సస్పెన్షను ఎనకే తెలుస్తాదండి," అన్నాడు. పుస్తకంలో కూడా అలాగే ఉంది. స్టూలు ఎక్కి, ముఖమల్ సీటు మధ్యలో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేల బాగా కిందికి ఉంది.

కారుకు బిగించిన జీపు ఇంజను పెద్ద చప్పుడు చేసింది. కారు కదిలిందో లేదో తెలియలేదు. పక్కనున్న స్తంభం వైపు చూస్తే అది మెల్లగా వెనక్కి వెళుతోంది. అంటే మేము ముందుకు వెళుతున్నాం.

"గేరు మార్చండి," అన్నాను.

"ఇంకో గేరు లేదండి. ఇది మేళం గేరు. మామూలు కారు మొదటి గేర్లో కూడా మేళం కన్నా జోరుగా ఎళ్ళిపోద్దండి. క్లచ్చి తొక్కీ తొక్కీ డ్రైవర్ల కాళ్ళు పోయేవి, క్లచ్చి ప్లేట్లు మాడిపోయేవి. అందుకని రెండు గేరుబాక్సులు ఒకదానికొకటి తగిలిచ్చేం. సన్నాయాయన ఎంత నడిస్తే అంతే. మీరు నొక్కినా ఎక్కువెళ్ళదు."

"మరి ఊరు దాటాలంటే?"

"లారీ మీద ఎక్కిత్తామండి."

గేటు దాటాం. పక్కింటి అరుగు మీద నుంచి ఒక ముసలాయన సన్నాయి పట్టుకుని దిగి, ఏమీ మాట్లాడకుండా కారుకు పదడుగుల ముందు నిలబడి, నడవడం మొదలుపెట్టాడు. ఆయన పేరు సూర్యమట. ముందు ఎవరో నడవకపోతే పేర్రాజు గారికి బండి తిన్నగా పోదట. అక్కడితో ఆగలేదు. సూర్యం సన్నాయి నోట్లో పెట్టుకుని పెళ్ళివారి రాగం అందుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. ఆషాఢం. టాపులేని కారు వెనక సీట్లో సంచి పట్టుకుని అరవయ్యో పడిలో పడుతున్న నేను. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దిగి, నడిపించుకుంటూ పక్కన రావడం మొదలుపెట్టారు. మూడో ఇంటి దగ్గర ఒక పెద్దావిడ పరుగెత్తుకుంటూ హారతి పళ్ళెంతో వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"ఆషాఢంలో పెళ్ళేంటండీ! పెళ్ళికూతురేదండి?"

"ఇంటికాడుందండి," అన్నాడు పేర్రాజు గారు.

"వయసైపోయినా కళ ఉందిలెండి మొహంలో," అని ఆవిడ హారతి ఇచ్చేసింది. కర్పూరం వెలిగించాక ఇవ్వకుండా వెనక్కి తీసుకెళ్ళరట. పళ్ళెంలో వేయడానికి చిల్లర లేక జీడిపప్పు వేశాను.

నాకు సిగ్గేసింది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఎత్తు నుంచి, ఆ నడకలో, ఊరు చాలా బాగా కనిపించింది. ప్రతి గుమ్మమూ, ప్రతి గుమ్మంలోని మనిషీ విడివిడిగా కనిపించారు. బస్సులోంచి ఎప్పుడూ అలా కనిపించలేదు.

కొబ్బరి మండీ మలుపు దగ్గర పేర్రాజు గారు మెడ చాచి అటూ ఇటూ వెతికాడు. "ఈయనేంటండీ ఇంకా రాలేదు?" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "బావగారూ, సత్తిబాబు గారెక్కడున్నారండి? ఈ మలుపులో నిలబడి ఫొటో తీత్తానన్నారే!"

అప్పుడు చెప్పాను. "సత్తిబాబు పోయాడండి. ఫిబ్రవరిలో. షాపులోనే."

బ్రేకు వేశాడో, దానంతట అదే ఆగిందో, కారు ఆగిపోయింది. ఇంజను కూడా ఆగింది. సూర్యానికి వెనక ఏం జరిగిందో తెలియదు. వాయించుకుంటూ ఇంకో ఇరవై అడుగులు నడిచాడు. ఇంజను చప్పుడు వినబడక వెనక్కి తిరిగాడు. పేర్రాజు గారు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. సూర్యం సన్నాయి నోటి నుంచి తీశాడు.

"ఫోన్లో చెప్పలేదేటండి," అన్నాడు పేర్రాజు గారు.

"చెప్పలేకపోయానండి."

ఆయన తల తిప్పలేదు. అద్దంలోంచి కూడా నా వైపు చూడలేదు. "మేం తప్పు చేసేమండి, బావగారూ," అన్నాడు.

మిగతాది నడిచి వెనక్కి వచ్చేటప్పుడు చెప్పాడు. కారు అమ్మకానికి లేదు. ఎప్పుడూ లేదు. మా పెళ్ళి కారు వేరే. అది వరదల్లో మునిగి పాత ఇనుములోకి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆ మాట సత్తిబాబుకు మొదటిరోజే చెప్పారట.

"అయితే మరి నన్నెందుకు రమ్మన్నాడండి?"

"మిమ్మల్ని ఏడిపిద్దామనండి. 'మా బావగారు పుస్తకం చూసి, పరీక్ష చేసి, ఇది అదే కారని తేలుస్తారు చూడండి' అన్నారు. 'తేల్చాక మీరెవరూ నవ్వకూడదు, ఊరేగించాక నేనొచ్చి చెప్తాను' అన్నారు. అయస్కాంతం తెస్తారని కూడా చెప్పేరండి. మామిడిపండని చెప్పలేదు."

ఆ పుస్తకం గురించి వాడికి చెప్పింది నేనే. మూడోసారి ఫోను చేసినప్పుడు, చూద్దాంలే అన్న తర్వాత, పాత కార్ల మీద మా లైబ్రరీలో ఒక మంచి పుస్తకం ఉందని పావుగంట చెప్పాను.

"ఏడిపించడానికి ఒక్కదానికే కాదండి," అన్నాడు పేర్రాజు గారు. "మార్గశిరంలో మీ షష్టిపూర్తికి ఈ కారే మాట్లాడేరు. మీరు షష్టిపూర్తి ఒద్దంటన్నారట కదా? ఓసారి ఎక్కి కూచుంటే మళ్ళీ ఎక్కుతారు, మా బావగారి సంగతి నాకు తెలుసు అన్నారు."

షష్టిపూర్తి చేసుకోనని నేను రెండేళ్ళుగా చెబుతున్న మాట నిజమే. అరవయ్యో ఏట పట్టుబట్టలు కట్టి రెండోసారి తాళి కట్టడం నాకు ఇష్టం లేదు. సుభద్ర ఏనాడూ అడగలేదు. వాడు అడిగాడు.

రెండు గంటలకు పేర్రాజు గారింట్లో భోజనం. వద్దంటే వినలేదు. ఆయన భార్య పనసపొట్టు కూర వడ్డించి, నా ముందు కూర్చుని, సత్తిబాబు గురించి అడిగింది. ఆమె దగ్గర వాడు కూర అడిగి మరీ తినేవాడట. పిల్లలెంతమంది, షాపు ఎవరు చూస్తున్నారు, నొప్పి పడ్డాడా అని అడిగింది. అన్నీ చెప్పాను. ఐదు నెలల్లో వాడి గురించి ఒకేసారి అంతసేపు మాట్లాడింది అదే మొదలు. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోం. పెరుగన్నం దగ్గర ఆమె కళ్ళు తుడుచుకుని, "మామిడిపండు నిజమేనాండి?" అని అడిగింది. సంచిలోంచి తీసి చూపించాను. దానికి మసి అంటింది.

చేతులు కడుక్కున్నాక పేర్రాజు గారు ఒక డైరీ తెచ్చాడు. మార్గశిరం పేజీలో వంకర అక్షరాలతో 'బావగారు' అని రాసి ఉంది. అంతే. ఊరు లేదు, పేరు లేదు.

"ఆ రోజుకే రాజోలోళ్ళు పెళ్ళికి అడుగుతున్నారండి. సాయంత్రం కబురు చెప్తానన్నాను. ఉంచమంటారా, కొట్టేయమంటారా? మీరేవన్నా మేం ఏవనుకోం."

ఆ పేజీ వైపు చూస్తూ కూర్చున్నాను. వాయిదా వేయడానికి నాకు చాలా మాటలు వచ్చు. ఇంటికెళ్ళి అడిగి చెబుతాననవచ్చు. ఏడాది తిరగలేదనవచ్చు. చూద్దాం అనవచ్చు.

"ఉంచండి," అన్నాను. "కారు కొత్తపేట రావాలి."

"లారీ మీద తెత్తామండి. సూర్యం గారిని కూడా," అన్నాడు. తర్వాత కాస్త తటపటాయించి, "ఓ మాటడగనాండి? ఇందాక అన్నీ చూసేరు కదా. మీ పుస్తకం పెకారం మా కారు ఎంత చేస్తాదంటారు?"

నేను ఉదయం నుంచి లెక్క వేస్తూనే ఉన్నాను. తలుపులు తెరుచుకోవు, ఇంజను వేరేది, రేకు కనబడదు, ఊరు దాటదు. "పుస్తకం ప్రకారం పాత ఇనుము ధరండి. పుట్టీ బరువు తీసేసి," అన్నాను.

ఆయన ముందు నొచ్చుకున్నాడు. తర్వాత నవ్వాడు. "సత్తిబాబు గారుంటే ఈ మాటకి మిమ్మల్ని ఏడాదిపాటు ఒదిలిపెట్టేవారు కాదండి," అన్నాడు.

మూడూ యాభైకి బస్సు. షెడ్డు నుంచి బస్టాండు నడిస్తే ఐదు నిమిషాలు. కారులో దింపుతానన్నాడు. కారులో అయితే పన్నెండు నిమిషాలని గుడ్డవాడు గుర్తుచేశాడు. నడిచే వెళ్ళాను. నలుగురూ బస్టాండు దాకా వచ్చారు. రాజమండ్రి టికెట్టు పేర్రాజు గారు తీస్తానన్నాడు. నేను తీస్తానన్నాను. మేము తేల్చుకునేలోపు కండక్టరు విసిగిపోయి వెనక్కి వెళ్ళిపోయాడు.

రావులపాలెం వంతెన మీదికి వచ్చేసరికి ఐదూ పది. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఈసారీ నీళ్ళ వైపే కూర్చున్నాను. పుస్తకం సంచిలోనే ఉంచాను. అరవై ఏళ్ళలో నేను చాలా ప్రయాణాలు చేశాను. అన్నీ పనిమీదే. ఒక మనిషి నాలుగు నెలలపాటు కూర్చుని, షెడ్డులో నలుగురిని కూడగట్టుకుని, సన్నాయి మాట్లాడి, నాకోసం ఏర్పాటు చేసిన ప్రయాణం ఇదొక్కటే. అది జరగాల్సిన రోజున నేను ఇంట్లో ఉన్నాను. జరిగిన రోజున వాడు లేడు. అయినా హారతి దాకా అన్నీ వాడు అనుకున్నట్టే జరిగాయి. కారు విషయంలో నేను పూర్తిగా పొరబడతానని వాడు వేసిన అంచనా కూడా సరైనదే. మా ఇద్దరిలో ధర కట్టడం వచ్చినవాడు నేను కాదు.

రాత్రి తునిలో దిగి, ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకుండానే సుభద్రకు అంతా చెప్పాను. పుట్టీ దగ్గర ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కొబ్బరి మండీ మలుపు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపింది. డైరీ సంగతి విని లేచి లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి, ఎండలో వేయాలని బయట పెట్టింది.

మార్గశిరంలో షష్టిపూర్తి కొత్తపేటలోనే జరిగింది. కారు లారీ మీద వచ్చింది. రెండు వీధులు తిరగడానికి గంట పట్టింది. సుభద్ర పక్కన కూర్చుని నేను నిద్రపోలేదు. పందిరి రాటకు ఏమీ కాలేదు. సత్తిబాబు భార్యా పిల్లలూ వచ్చారు. అందరూ నాతో మర్యాదగా ఉన్నారు. పిల్లలు కాళ్ళకు దండం పెట్టారు.

ఇప్పుడు నన్ను ఎవరూ ఏడిపించడం లేదు.